మ్యాప్‌లో ఆ నీలి చుక్కను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: నేను రిటైర్డ్ సైన్స్ టీచర్ని. మల్కాజిగిరిలో ఉంటున్నాం. ఏడాదిగా మా ఆవిడకు మతిమరుపు ఎక్కువైంది. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఆమె ఫోన్లో లొకేషన్ షేరింగ్ పెట్టి వెళ్ళాడు. పోయిన నెల ఒక సాయంత్రం ఆమె చెప్పకుండా బయటికి వెళ్ళింది. నా ఫోన్లో చూస్తే చుక్క మౌలాలి వైపు కనిపించింది. ఆటో ఎక్కి అక్కడికి పరిగెత్తి గంటన్నర వెతికాను. ఆమె మాత్రం ఆనంద్‌బాగ్‌లో, ఎప్పుడూ వెళ్ళే గుళ్ళోనే కూర్చుని ఉంది. చుక్క చుట్టూ లేత నీలం రంగులో పెద్ద వలయం ఉన్నట్టు గుర్తు. అప్పుడు పట్టించుకోలేదు. ఛార్జింగ్ నిలవడం లేదని ఆ ఫోన్లో బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాం. తప్పు జీపీఎస్‌దా, ఫోన్‌దా, సిమ్‌దా? ఇంకో వింత కూడా ఉంది. అబ్బాయి తను వాడిన హాట్‌స్పాట్ డబ్బాను, అంటే సిమ్ వేస్తే వైఫై ఇచ్చేదాన్ని, మాకు ఇచ్చాడు. దానికి ల్యాప్‌టాప్ కలిపి మ్యాప్ తెరిస్తే మేము చెన్నై వేళచ్చేరిలో, అబ్బాయి ఉండే వీధిలోనే ఉన్నట్టు చూపిస్తోంది. లొకేషన్ ఆన్‌లో ఉంచితే డేటా అయిపోతుందని, ఎవరెవరో మన కదలికలు చూస్తారని పక్కింటాయన అంటున్నారు. అమ్మకు ట్యాబ్ కొనాలా, మెడలో వేసుకునే ట్రాకర్ కొనాలా అని అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరంలో "గుళ్ళోనే కూర్చుని ఉంది" అన్న మాట దగ్గరికి వచ్చాకే నేను కుదురుగా చదవగలిగాను. ఆ గంటన్నర మీరు ఎంత నలిగిపోయి ఉంటారో ఊహించగలను. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళున్నారు.

మీ మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఆ సాయంత్రం తప్పు జీపీఎస్‌ది కాదు. ఆ సమయంలో అమ్మగారి ఫోన్ జీపీఎస్‌ను అడగనే లేదని మీరు రాసిన వివరాలను బట్టి నాకు అనిపిస్తోంది. మ్యాప్‌లో చుక్క కనిపిస్తే చాలు, అది ఉపగ్రహం చెప్పిందే అనుకుంటాం. నిజానికి ఆ చుక్కను ఉపగ్రహాలు పెట్టి ఉండొచ్చు, చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు పెట్టి ఉండొచ్చు, సెల్ టవర్ పెట్టి ఉండొచ్చు. ఎవరు పెట్టారన్న దాన్ని బట్టి తేడా ఐదు మీటర్లు కావొచ్చు, రెండు కిలోమీటర్లు కావొచ్చు. మీ ల్యాప్‌టాప్ విషయంలో అయితే ఏకంగా రాష్ట్రమే మారిపోయింది.

మీరు సైన్స్ మాస్టారు కాబట్టి జీపీఎస్ సంగతి కాస్త వివరంగా చెప్తాను. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టి, మూడు సెకన్లయితే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో పడిందని పిల్లలకు చెప్పే ఉంటారు. జీపీఎస్ కూడా ఇదే లెక్క. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో 30కి పైగా ఉపగ్రహాలు రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంటాయి. ప్రతిదానిలోనూ అణు గడియారాలు ఉంటాయి. 'ఇప్పుడు సమయం ఇంత, నేనున్నది ఇక్కడ' అని అవి రాత్రీ పగలూ చెబుతూనే ఉంటాయి. ఆ మాట మన ఫోన్‌కు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్క వేసుకుంటుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలుతుంది. కానీ ఫోన్లో ఉన్నది మామూలు గడియారం. సెకనులో పది లక్షలో వంతు తప్పు చెప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వచ్చేస్తుంది. ఆ తప్పును పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. అందుకే కనీసం నాలుగు కనిపించాలంటారు.

ఇందులో గమనించాల్సిన సంగతి, ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు. వింటుంది, అంతే. మీరు రేడియోలో వివిధ భారతి పెట్టుకుంటే, మల్కాజిగిరిలో ఫలానా ఇంట్లో వింటున్నారని ఆ స్టేషన్‌కు తెలియదు కదా! ఇదీ అంతే. వినడానికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. విమానం మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది.

మరి మొబైల్ డేటా పాత్ర ఏమిటంటే, మొదటిది తొందర. ఉపగ్రహం చాలా నిదానంగా మాట్లాడుతుంది, సెకనుకు 50 బిట్లే. తానెక్కడుందో పూర్తిగా చెప్పడానికి దానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో మధ్యలో ఏ గోడో అడ్డం వస్తే మళ్ళీ మొదటికి రావాలి. మన బస్తీల సందుల్లో ఇది మామూలే. అందుకని ఫోన్ ఆ సమాచారాన్ని ముందే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. దీన్నే అసిస్టెడ్ జీపీఎస్ అంటారు. దానికయ్యే డేటా చాలా స్వల్పం. రెండోది మ్యాప్ బొమ్మలు. జీపీఎస్ ఇచ్చేది అంకెలు మాత్రమే, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు. వీధులు, షాపుల పేర్లు అన్నీ నెట్ నుంచి రావాలి. హైదరాబాద్ మ్యాప్‌ను ఒకసారి ఇంట్లో వైఫై మీద ఆఫ్‌లైన్‌గా దించుకుంటే ఆ ఖర్చు కూడా తగ్గుతుంది. మూడోది మీకు కావలసింది. ఆమె ఎక్కడుందో మీ ఫోన్‌కు చేరవేసేది ఆమె సిమ్‌లోని డేటానే. డేటా ప్యాక్ అయిపోతే ఆమె ఫోన్‌కు తానెక్కడుందో తెలిసినా మీకు తెలియదు. కాబట్టి ఆమె నంబరుకు రీఛార్జ్ గడువు దాటిపోకుండా అబ్బాయి చేత ఆటోపే పెట్టించండి.

ఇప్పుడు మౌలాలి చుక్క సంగతికి వద్దాం.

ఉపగ్రహాల మాట వినడం ఫోన్‌కు ఖర్చుతో కూడిన పని. బ్యాటరీ తింటుంది. అందుకే తెర ఆరిపోయి ఫోన్ సంచిలో ఉన్నప్పుడు అది వీలైనంతవరకు జీపీఎస్ జోలికి వెళ్ళదు. దగ్గర్లోని వైఫైలతో, టవర్లతో సరిపెట్టుకుంటుంది. పైగా ఆండ్రాయిడ్ 8 నుంచి వెనకాల నడిచే యాప్‌లకు గంటలో కొన్నిసార్లే లొకేషన్ దొరికేలా కట్టడి చేశారు. ఇక బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే, ఫోన్‌ను బట్టి తెర ఆరగానే జీపీఎస్ గానీ, మొత్తం లొకేషన్ సేవే గానీ ఆగిపోవచ్చు. మీరు ఎప్పుడూ ఆన్‌లో ఉంచుతామని రాసింది దాన్నే. ఛార్జింగ్ మిగలాలని మంచి ఉద్దేశంతో చేసిన పనే, కానీ అసలు అవసరానికి అదే అడ్డం వచ్చింది.

జీపీఎస్ ఆగి, తెలిసిన వైఫైలు కూడా వినిపించకపోతే ఫోన్‌కు మిగిలిన ఆధారం టవర్. నగరంలో టవర్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. అయినా ఫోన్ ప్రతిసారీ దగ్గరి టవర్‌నే పట్టుకోదు. గుడి లోపల రాతిగోడల మధ్య దగ్గరి టవర్ సిగ్నల్ సరిగా అందకపోయినా, అక్కడ రద్దీ ఎక్కువగా ఉన్నా, కాస్త దూరంలో ఎత్తుగా ఉన్న టవర్‌కు అంటుకుంటుంది. 'ఈ ఫోన్ ఆ టవర్ పరిధిలో ఎక్కడో ఉంది' అన్నదే అప్పుడు తెలిసిన నిజం. ఎక్కడో ఒకచోట చుక్క పెట్టాలి కాబట్టి మ్యాప్ ఆ పరిధి నడుమ పెడుతుంది. చుట్టూ గీసిన లేత నీలం వలయం 'ఇంతలో ఎక్కడైనా ఉండొచ్చు' అని చెబుతుంది. మీరు చుక్క చెప్పిన చోటికి వెళ్ళారు. కంగారులో ఎవరైనా అదే చేస్తారు. ఆనంద్‌బాగ్ ఆ వలయంలోనే ఉండి ఉంటుందని నా నమ్మకం.

ఇకమీదట ఎప్పుడు చూసినా ముందు రెండు సంగతులు చూడండి. ఒకటి వలయం సైజు. అది ఒక ఇంటి మీద ఇమిడేంత ఉంటే నమ్మి వెళ్ళొచ్చు. కాలనీలు మింగేంత ఉంటే ఆ చుక్కను పక్కన పెట్టి, వలయంలో ఆమెకు తెలిసిన చోట్లేమున్నాయో ఆలోచించండి. గుడి, కూరగాయల బజారు, చెల్లెలి ఇల్లు, పాత అద్దె ఇల్లు. మతిమరుపు ఉన్నవాళ్ళు తరచుగా పాత అలవాటు ఉన్న దారినే పడతారు. ఆ వలయం కూడా పూర్తి హామీ కాదు. ఆండ్రాయిడ్‌లో దాని అర్థం, మనిషి అందులో ఉండే అవకాశం నూటికి 68 పాళ్ళు అని. అంటే మూడు సార్లలో ఒకసారి వలయం బయట కూడా ఉండొచ్చు. రెండోది సమయం. చుక్క మీద నొక్కితే అది ఎంతసేపటి క్రితంది అన్నది కనిపిస్తుంది. 'ఇప్పుడే' అని ఉండటానికీ, '40 నిమిషాల క్రితం' అని ఉండటానికీ చాలా తేడా ఉంది. నలభై నిమిషాల్లో నడిచి ఆమె మల్కాజిగిరి దాటిపోగలదు.

ఇవాళే చేయాల్సిన పని అమ్మగారి ఫోన్లో బ్యాటరీ సేవర్ తీసేయడం. బ్యాటరీ పాతదై ఛార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ మార్పించండి, కొత్త ఫోన్ కంటే చాలా తక్కువ ఖర్చు. తర్వాత సెట్టింగ్స్‌లో లొకేషన్‌లోకి వెళ్ళి, మీరు షేరింగ్‌కు వాడే యాప్‌కు 'అలౌ ఆల్ ది టైమ్' అన్న అనుమతి ఇవ్వండి. 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఉంటే ఫోన్ సంచిలో పడగానే కొన్ని యాప్‌లు మూగబోతాయి. అక్కడే 'ప్రిసైజ్ లొకేషన్' అన్నది ఆన్‌లో ఉందా చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలు వచ్చింది. పొరపాటున అది ఎంచుకుని ఉంటే ఎంత మంచి ఫోనైనా పేటను చూపిస్తుందే కానీ వీధిని చూపించదు. 'లొకేషన్ యాక్యురసీ', 'వైఫై స్కానింగ్' కూడా ఆన్ చేయండి. వైఫై వాడకపోయినా చుట్టుపక్కల రౌటర్లను విని చోటు పోల్చుకోవడానికి ఇవి పనికొస్తాయి. చివరిగా బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టండి. లేకపోతే చాలా కంపెనీల ఫోన్లు కొన్ని గంటలు ముట్టుకోని యాప్‌ను నిద్రపుచ్చేస్తాయి. ఈ చివరి సెట్టింగ్‌ను మర్చిపోయి, అంతా సరిగా పెట్టాం కదా అనుకుని మోసపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

షేరింగ్ ఎంతసేపటికి పెట్టారో కూడా చూడండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎక్కువలో ఎక్కువ 8 గంటలే ఉంటుంది, తర్వాత ఆగిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో అయితే మనం ఆపేదాకా అని పెట్టుకోవచ్చు. మీకు రెండోదే కావాలి.

ఇవి చేశాక మీరు ఒక ప్రయోగం చేసి చూస్తే బాగుంటుంది. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ ఉంది. దాన్ని వేసుకుని ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్ళండి. ఏయే ఉపగ్రహాలు వినిపిస్తున్నాయో, ఒక్కోదాని సిగ్నల్ ఎంత బలంగా ఉందో తెర మీద వరుసగా వస్తాయి. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ కూడా కనిపిస్తాయి. కొన్ని కొత్త ఫోన్లలో అయితే మన నావిక్ కూడా. 2013 నుంచి 2016 దాకా ఇస్రో ఏడు ఉపగ్రహాలను పంపి నిలబెట్టిన వ్యవస్థ అది, మన దేశానికీ చుట్టూ 1,500 కిలోమీటర్లకూ ఉద్దేశించింది. దాని ఉపగ్రహాలు జీపీఎస్ వాటికంటే చాలా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన వైపు ఆకాశంలోనే ఉంటాయి. ఆ పేరు తెర మీద చూసిన మొదటిసారి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇప్పుడు ఫోన్ పట్టుకుని మెట్లు దిగండి. హాల్లోకి వచ్చేసరికి సిగ్నల్ గీతలు కుంచించుకుపోతాయి, వంటింట్లోకి వెళ్తే సగం మాయమవుతాయి. ఉపగ్రహ సంకేతం నేలకు చేరేసరికి అంత నీరసంగా ఉంటుంది, స్లాబు దాటి రావడం దానికి కష్టం. ఇది ఒకసారి కళ్ళారా చూస్తే, గుళ్ళోనో బ్యాంకులోనో ఉన్న మనిషి చుక్క ఎందుకు తడబడుతుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరుబయట మామూలు ఫోన్‌కు 4.9 మీటర్ల దాకా తేడా ఉంటుందని జీపీఎస్ నడిపే అమెరికా ప్రభుత్వమే చెబుతుంది. (2000 మే దాకా వాళ్ళు సామాన్యులకిచ్చే సిగ్నల్‌ను కావాలనే పాడుచేసేవారు. అప్పట్లో తేడా 100 మీటర్ల దాకా ఉండేది.) కానీ నగరంలో సిగ్నల్ గోడలకు తగిలి తిరిగి వస్తుంది. హైటెక్ సిటీ గాజు మేడల మధ్య చుక్క రోడ్డు దాటి అవతలి కాంపౌండ్‌లోకి దూకేది ఇందుకే. నేను మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద వెళ్తుంటే, పైన వెళ్తున్నట్టు అనుకుని మ్యాప్ దారి చెప్పిన సందర్భాలు ఎన్నో. పైదీ కిందదీ మ్యాప్‌లో ఒకే గీత మీద ఉంటాయి. జీపీఎస్‌కు ఎత్తు చెప్పడంలో ఉన్న తేడా ఇంకా ఎక్కువ. పిల్లర్ నంబరు చెప్పి అడ్రస్ వివరించే మన హైదరాబాద్ అలవాటు ఇలాంటి చోట మ్యాప్ కంటే బాగా పనిచేస్తుంది. గుడి దగ్గర వెతకమని ఎవరికైనా ఫోన్లో చెప్పాల్సి వస్తే లొకేషన్ పంపడంతో పాటు నోటితో గుర్తు కూడా చెప్పండి.

తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్‌తో, బాలానగర్‌లోని మన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) కలిసి తయారుచేసి 2025లో విడుదల చేసిన డిజిపిన్ గురించి కూడా ఒక మాట. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి ప్రతి గడికీ పది అక్షరాల కోడ్ ఇచ్చారు. మీ ఇంటి గేటు దగ్గర నిలబడి, వలయం చిన్నదయ్యాక ఆ కోడ్ తీసి రాసిపెట్టుకోండి. లోపల గదిలో కూర్చుని తీస్తే పక్కింటి కోడ్ రావొచ్చు.

ఇక వేళచ్చేరి వింత. దీనికి రెండు కారణాలుండొచ్చు. మీరు వీధితో సహా రాయడం వల్ల రెండింటిలో ఏది కారణమో తేల్చడం నాకు తేలికైంది.

మీ ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ ఉండకపోవచ్చు, చాలావాటిలో ఉండదు. ఆ హాట్‌స్పాట్ డబ్బాలో ఉన్న మోడెమ్ చిప్‌కు జీపీఎస్ సామర్థ్యం ఉండే అవకాశం ఉంది. అయినా సాధారణంగా తయారీదారులు దానికి యాంటెన్నా కలపరు, లేదా ఆ సౌకర్యాన్ని తెరిచి పెట్టరు. తెరిచి పెట్టినా వైఫై మీదుగా అది ల్యాప్‌టాప్‌కు లొకేషన్ అందించదు, ఇంటర్నెట్ మాత్రమే అందిస్తుంది. ఇంట్లో వాడే డాంగిల్స్ సంగతీ దాదాపు ఇంతే. అప్పుడు ల్యాప్‌టాప్ చుట్టూ ఏ వైఫైలు ఉన్నాయో చూసి చోటు ఊహిస్తుంది. ప్రతి వైఫై పెట్టెకూ పుట్టుకతో వచ్చిన ఒక నంబరు ఉంటుంది. వీధుల్లో తిరిగే కోట్ల ఫోన్లు ఆ నంబర్లనూ, అవి వినిపించిన చోట్లనూ గూగుల్, యాపిల్ వంటి కంపెనీలకు చేరవేస్తుంటాయి. మీ అబ్బాయి నెలల తరబడి వేళచ్చేరిలో వాడిన డబ్బా అక్కడి చిరునామాతో వాళ్ళ జాబితాలో నమోదైపోయింది. ఇప్పుడు అది మల్కాజిగిరికి వచ్చినా జాబితా ఇంకా మారలేదు. ఇల్లు మారి రౌటర్ వెంట తెచ్చుకున్నవాళ్ళకు ఇది తరచూ ఎదురయ్యేదే. వీధి దాకా కచ్చితంగా చూపించిందంటే కారణం ఇదే.

వీధి కాకుండా ఉత్త 'చెన్నై' అనో 'ముంబై' అనో చూపిస్తే అది వేరే కథ. వెబ్‌సైట్లు మన ఇంటర్నెట్ చిరునామాను, అంటే ఐపీ అడ్రస్‌ను చూసి ఊరు ఊహిస్తాయి. మొబైల్ డేటాలో ఆ చిరునామా మన ఇంటిది కాదు, కంపెనీ నెట్‌వర్క్ బయటి ఇంటర్నెట్‌తో కలిసే చోటుది. ఆ చోటు ఇంకో ఊళ్ళో ఉండొచ్చు. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకు వాతావరణం పేజీ ఇంకో నగరం ఎండ చూపించేది అందుకే. దానివల్ల నష్టం ఏమీ లేదు.

మీ డబ్బా కొన్ని వారాల్లో తానే సర్దుకుంటుంది. దాన్ని ఆన్ చేసి, లొకేషన్ యాక్యురసీ ఆన్‌లో ఉన్న మీ సొంత ఫోన్‌ను దగ్గర ఉంచండి, కొత్త చోటు మెల్లగా నమోదవుతుంది. ఎప్పుడూ కారులో తిప్పే హాట్‌స్పాట్ అయితే వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో 'నోమ్యాప్' అని కలిపితే గూగుల్ దాన్ని తన జాబితాలో వాడదు. మీ డబ్బా సర్దుకునేదాకా దాన్ని అమ్మగారి ఫోన్‌కు దగ్గరగా మాత్రం వదలకండి. ఫోన్‌కు జీపీఎస్ అందని వేళ ఆ పాత నంబరు వినిపించి ఆమె చుక్క కూడా చెన్నైకి ఎగిరితే మీ గుండె ఆగినంత పనవుతుంది.

పక్కింటాయన భయం పూర్తిగా అబద్ధం కాదు. ఉపగ్రహాలకు మనం తెలియదు, అది చెప్పాను. కానీ సిమ్ పనిచేస్తున్నంతసేపూ మనం ఏ టవర్ కింద ఉన్నామో టెలికాం కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. లొకేషన్ బటన్ ఆపినా అది మారదు. కాల్ రావాలంటే ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్‌కు తెలియాలి కదా. జాగ్రత్త పడాల్సింది యాప్‌ల దగ్గర. టార్చిలైటుకు, క్యాలెండర్‌కు, పాటల యాప్‌కు మీరెక్కడున్నారో ఎందుకు? సెట్టింగ్స్‌లో లొకేషన్ అనుమతుల జాబితా తెరిచి, అవసరం లేనివాటికి తీసేయండి. క్యాబ్‌కు, డెలివరీకి 'వాడుతున్నప్పుడు మాత్రమే' చాలు. అప్పులిచ్చే యాప్ ఏదైనా రోజంతా లొకేషన్ అడిగితే దాన్నే తీసేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఖాతా తెరిచేటప్పుడు ఒకసారి అడగడానికే వాటికి వీలుంది. ఇక డేటా ఖర్చంటారా, రోజంతా లొకేషన్ పంచుకున్నా ఒక చిన్న వీడియో చూసినంత కూడా కాదు.

ట్యాబా, ట్రాకరా అని అడిగారు. ట్యాబ్ వద్దంటాను. గుడికి ట్యాబ్ ఎవరూ పట్టుకెళ్ళరు. పైగా వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ వేసే మోడల్‌లోనే ఉంటుంది. మిగతా కంపెనీల్లోనూ కొనేముందు ఇది అడిగి తెలుసుకోవాలి. తాళాలకు తగిలించే ఎయిర్‌ట్యాగ్ వంటివి చవగ్గా వస్తాయి, కానీ వాటిలో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. దగ్గర్లో వెళ్ళే వేరేవాళ్ళ ఫోన్లు వాటి బ్లూటూత్‌ను విని కబురు చెప్పాలి. రద్దీ బజారులో బాగానే ఉంటుంది, మధ్యాహ్నం నిర్మానుష్యంగా ఉన్న వీధిలో కబురు ఆలస్యమవుతుంది. సిమ్ వేసే ట్రాకర్ కొంటే అది 4జీ మీద పనిచేస్తుందా అని తప్పక అడగండి. 2జీ మాత్రమే ఉన్న పాత రకం అంటగడితే, జియో వంటి సిమ్ అందులో అసలు పలకదు.

అయితే నా సలహా, ముందు ఉన్న ఫోన్‌ను సరిచేసి ఒక నెల చూడండి. కొత్త వస్తువు మెడలో వేస్తే మతిమరుపు ఉన్నవాళ్ళు చిరాకుపడి తీసి ఎక్కడో పెట్టేస్తారు, రోజూ ఛార్జింగ్ పెట్టడం ఇంకో పని. ఆమె ఫోన్ ఇంట్లోనే మరచి వెళ్ళడం ఎక్కువైతే అప్పుడు చిన్న 4జీ ట్రాకర్‌ను ఆమె తప్పకుండా తీసుకెళ్ళే చేతిసంచి అరలో పెట్టండి. పెట్టే ముందు ఆమెకు చెప్పండి మాస్టారూ. రేపు మర్చిపోయినా సరే, ఇవాళ చెప్పండి. 'నువ్వు కనబడకపోతే నాకు భయమేస్తుంది, అందుకు ఇది' అంటే అమ్మగారు కాదనరు. చాటుగా పెట్టినది ఎప్పుడో బయటపడితే, తనను కాపలా కాస్తున్నారన్న బాధ మిగిలిపోతుంది.

ఫోన్ పనిచేయని రోజు కోసం గుడి పూజారిగారికి, బయట పూలమ్మే ఆవిడకు, మీ వీధి చివరి కిరాణా షాపాయనకు మీ నంబరు ఇచ్చి విషయం చెప్పి ఉంచండి. ఆ సాయంత్రం పూజారిగారి దగ్గర మీ నంబరు ఉండి ఉంటే మీరు మౌలాలి వెళ్ళేవారే కాదు. ఆమె సంచిలో మీ పేరు, నంబరు రాసిన అట్టముక్క ఒకటి పెట్టండి. అరగంటలో కనబడకపోతే ఆలోచించకుండా 112కు ఫోన్ చేయండి. పెద్దవాళ్ళ విషయాల్లో సాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఉంది. ఏడాదిగా మతిమరుపు పెరుగుతోందని రాశారు, డాక్టరుకు చూపించిన మాట మాత్రం రాయలేదు. ఇంకా చూపించకపోతే న్యూరాలజిస్టును కలవండి. థైరాయిడ్, బి12 లోపం వంటి వాటివల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది.

సెట్టింగ్స్ అన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి ఆనంద్‌బాగ్ గుడికి నడవండి. ఫోన్ ఆమె సంచిలోనే, తెర ఆపి ఉండాలి. చెన్నైలో అబ్బాయిని మ్యాప్ తెరిచి కూర్చోమనండి. మీరు ఇంటి నుంచి బయల్దేరిన సమయం, గుడి చేరిన సమయం, లోపల కూర్చున్న సమయం కాగితం మీద రాసుకోండి. చుక్క ఎప్పుడెప్పుడు కదిలిందో, వలయం ఎక్కడ పెద్దదైందో అబ్బాయి రాసుకుంటాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఫోన్ మోడల్ పేరుతో సహా నాకు రాయండి. ఎక్కడ ఆలస్యమవుతోందో చూసి తర్వాత ఏ సెట్టింగ్ మార్చాలో చెప్తాను.